రైతు వేదికలో డాక్టరుకూ కుర్చీ వేయండి



మా నేరేడుచర్ల చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఇంటి వెనక కొట్టంలో బర్రెలు. బర్రెకు జబ్బు చేస్తే పశువుల దవాఖానకు, మనిషికి జ్వరమొస్తే సర్కారు దవాఖానకు, పొలానికి తెగులొస్తే పురుగుమందుల దుకాణానికి పోతాం. ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పాలన్నదే నా విన్నపం.

బర్రె మేత ముట్టదు. నోటి వెంట చొంగ కారుతుంది. గొంతు మారిపోయి అదే పనిగా అరుస్తుంది. అప్పుడు ఇంటి మనిషి మొదట చేసే పని, గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి వెతకడం. పిచ్చికుక్క కరిచిన పశువుకూ సరిగ్గా ఇవే లక్షణాలు. కుక్క కరిచి వారాలో నెలలో అయి ఉంటుంది. రాత్రిపూట కొట్టంలో కరిస్తే అసలు తెలియనే తెలియదు. ఆ చొంగ నుంచి రేబిస్ సోకడానికి వేలి మీద చిన్న గీత చాలు. కొడవలి పట్టే చేతికి గీతలు లేకుండా ఉంటాయా? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. అదే, వెంటనే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆ రోజే టీకా మొదలుపెడితే జబ్బును ఆపవచ్చు. ఇప్పటికీ పల్లెల్లో కుక్కకాటు మీద పసుపు, కారం, సున్నం పెడుతున్నారు. పశువుల డాక్టరుకు అనుమానం వస్తే ఆ మాట అదే రోజు మనుషుల డాక్టరుకు చేరాలి. ఆ బర్రె నోట్లో చెయ్యి పెట్టిందెవరో ఆరా తీయాలి. పాలు కాచి తాగినవాళ్లు బెంబేలెత్తనక్కర్లేదని చెప్పేవాళ్లూ ఉండాలి.

పాల సంగతీ అంతే. పొదుగువాపుకు సూది వేయించిన తర్వాత పాలు ఎన్నాళ్లు వాడకూడదో మందు సీసా మీదే రాసి ఉంటుంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ సీసా రైతు చేతికి రానే రాదు. ఆ పూట పాలు ఆ పూటే పాల కేంద్రానికి పోతాయి. పశువుల మీద విచ్చలవిడిగా వాడిన యాంటీబయాటిక్‌లకు మొండికేసిన క్రిములు రేపు మనుషులకూ సోకుతాయి. ఆ భయంతోనే కేంద్ర ప్రభుత్వం 2019లో కొలిస్టిన్ మందును కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధించింది. పాలు పారబోయమనడం సులువే, నష్టపోయేది రైతు. అయినా ఎందుకు పారబోయాలో తెలిస్తే కొందరైనా పారబోస్తారని నా నమ్మకం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే కోదాడ దగ్గర రామాపురం చెక్‌పోస్టులో ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను వెనక్కి పంపారు. మంచి పనే. మరి ఇళ్లలో? బాగా ఉడికిన కూర తినడానికి జంకాం గానీ, పచ్చి మాంసం కోసిన చేతులు, కత్తిపీట కడగాలన్నది పట్టించుకోలేదు. మా పక్క మట్టపల్లి దగ్గర కృష్ణా నది దాటితే పల్నాడు జిల్లాయే. మార్చిలో ఆ జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు వార్తలొచ్చాయి. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ ముక్క ప్రమాదమని వాళ్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత మనందరిదీ.

కొత్త భవనాలు, కొత్త పథకాలు అడగడం లేదు. తెలంగాణ అంతటా రైతులు సమావేశమయ్యే రైతు వేదికలు 2,601 ఉన్నాయి. వాటిలో విత్తనాల గురించి, ఎరువుల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నెలకొకరోజు వ్యవసాయ విస్తరణ అధికారి పక్కనే పశువుల డాక్టరును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కూర్చోబెట్టండి. ఆశా కార్యకర్తలను, పాలు పితికే ఆడవాళ్లను తప్పక పిలవండి. కొట్టంలో ఎక్కువ సేపు ఉండేది వాళ్లే. తెర మీద వీడియో చూపించి పంపడం కాదు, అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పాలి.

వానాకాలం నాట్లకు కాళ్లు బురదలో దిగితే ఎలుక జ్వరం భయం కూడా తోడవుతుంది. ఆలోపే మొదటి సమావేశం మా నేరేడుచర్లలో పెట్టించాలని సూర్యాపేట జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నేరేడుచర్ల, సూర్యాపేట జిల్లా