ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవడురా?

మొన్న ఏప్రిల్‌లో నర్సీపట్నం వెళ్ళినప్పుడు మా బాబాయ్ ఎరువుల కొట్లో కూర్చున్నా. ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇయర్ క్లోజింగ్ కొట్టాడు. అంతే, రైతుల బాకీలు బిల్లువారీగా ఉన్నవన్నీ పోయి, మనిషికో మొత్తం మిగిలింది. "ఏ బస్తాకి ఎంత రాశావు?" అని రైతు అడిగితే చూపించడానికేం లేదు. హెల్ప్ తెరిచాం. ఇంగ్లీషులో రెండే వాక్యాలు: ఇయర్ క్లోజింగ్ మెనూతో ఇయర్ క్లోజ్ చేయవచ్చట, సమస్య వస్తే అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించాలట.

"ఒరే, నువ్వూ సాఫ్ట్‌వేరోడివే కదా, ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవడురా?" అన్నాడు బాబాయ్. ఆయనే అని ఎలా చెప్పను :)

కొట్లో ఇదివరకు పనిచేసిన కుర్రాడికి ఫోన్ చేస్తే గడగడా అప్పజెప్పాడు: ముందు బ్యాకప్, తర్వాత బాకీల లిస్టు ప్రింట్, అప్పుడే క్లోజింగ్. నోట్‌బుక్‌లో రాసిపెట్టాట్ట. వాడు వైజాగ్ వెళ్ళిపోయాక అది చిత్తు కాగితాల్లో కలిసిపోయింది. ఆ మూడు ముక్కలు రాయాల్సింది వాడా, ఆ ప్రోడక్ట్ చేసినవాళ్ళా?

నేనేం సత్యహరిశ్చంద్రుణ్ణి కాదు. నా కమిట్ మెసేజ్‌లు చూస్తే "ఫిక్స్‌డ్", దాని కింద "ఫిక్స్‌డ్ అగైన్". కానీ మనం చెప్పే సాకులు మరీ దారుణం. "మాది అజైల్ అండీ, డాక్యుమెంట్లుండవు." 2001 నాటి ఆ మేనిఫెస్టో పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువిచ్చింది గానీ డాక్యుమెంట్లకి అసలు విలువే లేదనలేదు. చివరి వాక్యం దాకా చదివితేగా! "కోడే డాక్యుమెంటేషన్" అంటారు ఇంకొందరు. మా బాబాయ్‌ని జావా నేర్చుకోమందామా? ఇప్పుడు కొత్త సాకు, ఏఐ రాసేస్తుందని. కోడ్ ఏం చేస్తుందో అది రాస్తుంది సరే, బిల్లువారీ బాకీలు ఎందుకు వదిలేశామో మనమెక్కడా రాయకపోతే దానికెలా తెలుస్తుంది?

1971లో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లో ఒక్కో కమాండ్‌కి తెలిసిన బగ్స్ ఏమిటో, దాని ఓనర్ ఎవరో కూడా రాశారు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ కోడ్ పక్కనే, అదే రిపోజిటరీలో ఉంటుంది. జాంగోలో కొత్త ఫీచర్‌కి డాక్స్ రాయకపోతే ప్యాచ్ పూర్తయినట్టు కాదు. మన దగ్గరేమో రిలీజయ్యాక, అదీ క్లయింట్ అరిస్తే, ఖాళీగా ఉన్న ఫ్రెషర్‌కి అంటగడతాం. వాడు పాత వెర్షన్ స్క్రీన్‌షాట్లు అతికించి పంపిస్తాడు. పాపం వాడి తప్పేముంది, ఎవరూ చెప్పందే!

అన్నట్టు, మా ఊరి నుంచి ఘాట్ రోడ్డెక్కితే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అక్కడి పోలీస్ స్టేషన్‌పై దాడిచేసి, ఏమేం పట్టుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. దాడికొచ్చినాయన లెక్క రాశాడు. ఏసీ రూములో కూర్చుని మనం రిలీజ్ నోట్స్‌లో రాసేదేమో "మైనర్ బగ్ ఫిక్సెస్".

బాబాయ్ పాత బిల్లుల కట్టలు విప్పి, మూడు రాత్రులు కూర్చుని బాకీలు మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఆ కుర్రాడు చెప్పిన మూడు ముక్కలూ ఇప్పుడు స్కెచ్‌పెన్నుతో, తెలుగులో, మానిటర్ అంచున అతికించి ఉన్నాయి.