పంపు మీద భయం, పొగ మీద నమ్మకం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో టోకు సరుకు లారీల నుంచి దిగుతున్నంతసేపూ దుమ్ము లేస్తూనే ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ ఊళ్లో తెలుగువాళ్లున్నారు. అలాంటి ఒక ఇంట్లో రెండేళ్ల పిల్లకు ఎడతెగని పడిశం, రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు ఇన్‌హేలర్ రాయగానే ఇంట్లో పెద్దలు అడ్డుపడతారు: "పంపు మాత్రం వద్దమ్మా, అలవాటైపోతుంది."

ఈ మాట పసిపిల్లలకు చేటు చేస్తోంది.

ఆయాసానికి వాడే సాల్బుటమాల్ పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్‌గా 5 మిల్లీలీటర్లు తాగిస్తే 2 మిల్లీగ్రాములు, అంటే 20 నొక్కులంత! సిరప్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మాస్కు, స్పేసర్ గొట్టం తగిలించిన పంపుతో మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇక రోజూ వాడమనే స్టెరాయిడ్ పంపు శ్వాసనాళాల వాపును అణచి ఉంచుతుంది. మానేశాక ఆయాసం తిరగబెట్టిందంటే వాపు ఇంకా పోలేదని అర్థం, మందుకు బానిసైనట్టు కాదు. స్టెరాయిడ్ వల్ల ఎదుగుదల తగ్గుతుందన్న భయం మాత్రం పూర్తిగా ఉత్తదేమీ కాదు. ఏళ్ల తరబడి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పంపు వాడిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2012లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. ఊపిరాడక ఆసుపత్రి పాలవడంతో పోలిస్తే అది చాలా చిన్న మూల్యం.

పంపును ఇంతగా అనుమానించే ఇంట్లోనే స్నానం చేయించగానే సాంబ్రాణి పొగ పడతారు. ముక్కులో నూనె చుక్కలు వేస్తారు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. జలుబుకు వాడే కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛ రావచ్చు. ఆవిరి పట్టే వేడినీళ్ల గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పసివాళ్లు ఎందరో! మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లిలో పంచే చేప ప్రసాదంతో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అందులో మింగించే బతికున్న చేప పసి గొంతులో అడ్డుపడే ప్రమాదం మాత్రం ఉంది.

దగ్గు మందు సీసా కూడా నిరపాయం కాదు. 2025లో పక్కనున్న మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని ఆ ఏడాది అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టం చేసింది.

పసివయసులో ప్రతి పిల్లికూతా ఉబ్బసం కాదు. వైరస్ జలుబుల వల్లా వస్తుంది, డాక్టరే తేల్చాలి. ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి: ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు, చీపురు బదులు తడిగుడ్డ, వారానికోసారి వేడినీళ్లలో దుప్పట్ల ఉతుకు, కాయిల్ బదులు దోమతెర. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, పిల్ల పాలు తాగలేకపోతున్నా చిట్కాల జోలికి పోకుండా, డాక్టరు చెప్పిన మోతాదులో పంపు ఇస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి.