నీరు తీసే గొట్టం వాడ బిడ్డకు అందుతోందా?

అప్పుడే పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల చుట్టూ ఎక్కువగా నీరు చేరితే ప్రతి గంటా ప్రాణంతో సమానం. ఎక్స్‌రేతోనో అల్ట్రాసౌండ్‌తోనో గుర్తించి, సూదితో లేదా సన్నని గొట్టంతో నీరు తీయాలి. అవసరమైతే వెంటిలేటర్ పెట్టాలి. కొందరికి వారాల తరబడి ప్రత్యేక పాలు కావాలి. ఈ వసతులన్నీ ఎక్కువగా పెద్దాసుపత్రుల్లోనే ఉంటాయి.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం జబ్బుపడిన నవజాత శిశువుకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నెలలోపు శిశు మరణాలు దేశమంతటా వెయ్యికి సుమారు 25 ఉంటే, షెడ్యూల్డ్ కులాల్లో 29. కూలి పోగొట్టుకుని వారాలపాటు పట్నంలో ఉండలేని తల్లులకు ఉచితం అన్న మాట ఒక్కటే చాలదు.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో వెంటిలేటరు, గొట్టం వేయగల వైద్యులు, తల్లికి బస, పోయిన కూలికి పరిహారం ఉండాలి. మేం అడిగేది దయ కాదు, హక్కు.