దెయ్యమూ కాదు, సునామీ కాదు

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు, నాకింకా పాత పేరే నోటికి వస్తుంది) ఒక వృద్ధాశ్రమానికి అప్పుడప్పుడు వెళ్తుంటాను. శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ వచ్చి ఇక్కడే ముసలైపోయిన మన తెలుగువాళ్ళు అక్కడ కొందరున్నారు. వాళ్ళతో తెలుగులో మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆశ్రమం పేరు అనవసరం. నేను చెప్పబోయేది చాలా ఆశ్రమాల్లో, చాలా ఇళ్ళల్లో జరుగుతున్నదే.

అక్కడ ఒక మామ్మ ఉంది. డిమెన్షియా బాగా ముదిరింది, కొడుకు పేరు కూడా గుర్తులేదు. రోజంతా నెమ్మదిగానే ఉంటుంది కానీ పొద్దున స్నానానికి తీసుకెళ్తే మాత్రం కేకలు పెట్టేది, రక్కేది, కొరికేది. ఇద్దరు ఆయాలు చెరో రెక్కా పట్టుకుని, జాకెట్టు లాగేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, నెత్తిమీద గబగబా నీళ్ళు కుమ్మరించి తీసుకొచ్చేవాళ్ళు. వాళ్ళనేమీ అనను. ఇద్దరికీ చేతుల నిండా గోళ్ళ గాట్లే, వచ్చే జీతం అంతంతమాత్రం. స్నానం కానిదే టిఫిన్ లేదన్నది అక్కడి రూలు, అది వాళ్ళు పెట్టింది కాదు.

ఈ గొడవకి రెండు వివరణలు విన్నాను. నీళ్ళ దగ్గర గాలి సోకింది, అందుకే నీళ్ళు చూస్తే లోపలున్నది ఎదురుతిరుగుతోంది అన్నది మొదటిది. తాయెత్తు కూడా కట్టించారు. దీన్ని కొట్టిపారెయ్యడం మనకి సులువే. రెండోది చదువుకున్నవాళ్ళు చెప్పింది. 2004 డిసెంబర్ 26న సునామీని కళ్ళారా చూసిన మనిషి కదా, ఆ భయం లోపల ఉండిపోయింది అని. వినగానే నమ్మేశాను. నలుగురికి చెప్పాను కూడా. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఆధారం సంగతికొస్తే తాయెత్తుకీ దీనికీ తేడా లేదు. వినడానికి బాగుంది, అంతే.

ఒకరోజు ఆయాల్లో ఒకామె అడిగింది, మామ్మ బట్టలు నానబెట్టిన బకెట్‌లో చేతులు పెట్టి ఆడుకుంటూ కూర్చుంటుంది కదా, అప్పుడు భయం ఏమైంది అని. ఆ ప్రశ్న నాకు రావలసింది. అప్పట్నుంచీ ఒక్కొక్కటే గమనించాం. పాదాల మీద గోరువెచ్చటి నీళ్ళు పోస్తే ఊరుకుంది. తడిగుడ్డతో మొహం తుడిస్తే ఊరుకుంది. జాకెట్టు తియ్యడానికి కుడిచెయ్యి ఎత్తితే కేక. మధ్యాహ్నం నీళ్ళ ఊసే లేకుండా జాకెట్టు మార్చబోయినా అదే కేక. డాక్టరు చూసి భుజం కీలు బిగుసుకుపోయిందన్నారు. నొప్పి అని చెప్పడానికి ఆవిడకి మాట లేదు, పళ్ళున్నాయి.

భుజం సంగతి తెలిశాక మందు, వ్యాయామం మొదలుపెట్టారు. ముందువైపు గుండీలున్న వదులు జాకెట్టు కుట్టించాం. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, తొడిగేటప్పుడు నొప్పిచెయ్యి ముందు. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇదేదో ఒక మామ్మ కథ అనుకోకండి. అమెరికాలో ఫిలిప్ స్లోన్, ఆయన సహచరులు 15 నర్సింగ్ హోముల్లో 73 మంది డిమెన్షియా రోగుల మీద చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. మనిషి ఇష్టాయిష్టాలు చూసి మెల్లగా షవర్ స్నానం చేయిస్తే కొట్టడం, తిట్టడం వంటివి 53 శాతం తగ్గాయి. మంచం మీదే, వెచ్చటి తడి తువ్వాలు కప్పి మెల్లగా రుద్దితే 60 శాతం తగ్గాయి. అలా తుడిస్తే మురికి పోదు, చర్మానికి జబ్బులొస్తాయి అనేవాళ్ళకి కూడా అందులో జవాబుంది. చర్మం కాస్త మెరుగైంది, హానిచేసే సూక్ష్మజీవులు పెరగలేదు. టైము ఎక్కడుంది అంటారా? షవర్ పద్ధతికి సగటున మూడు నిమిషాల పైచిలుకు ఎక్కువ పట్టింది, తువ్వాలు పద్ధతికి చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా దానికి కావలసింది సుమారు రెండు లీటర్ల నీళ్ళు. ఎండాకాలంలో కుళాయికోసం ఎదురుచూసే ఈ ఊళ్ళో ఆ ఒక్క కారణమే చాలాలి.

రోజూ నిలువెల్లా స్నానం చేసి తీరాలన్నది మడి నుంచి వచ్చిందే గాని వైద్యం నుంచి కాదని నా అభిప్రాయం. మొహం, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, కాలివేళ్ళ సందులు రోజూ శుభ్రం చెయ్యాలి. ఇక్కడి ఉక్కకి ఒరిసిపోతాయి కాబట్టి తడి లేకుండా ఒత్తాలి కూడా. మిగతా ఒళ్ళు వారానికి రెండు మూడుసార్లు చాలు. ముసలి చర్మానికి రోజూ సబ్బు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

సిగ్గు సంగతి ఒకటుంది. మామ్మ తరం ఆడవాళ్ళు చెరువు దగ్గర చీర గుండెలమీదికి కట్టుకునే స్నానం చేశారు. అలాంటి మనిషిని పరాయివాళ్ళ మధ్య ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చోబెడితే పెనుగులాడదా? మతి పోయినంత మాత్రాన సిగ్గు పోదు. ఇప్పుడు ఒంటికి పాత చీర చుట్టి, దాని మీదనుంచే నీళ్ళు పోస్తున్నారు. భాష కూడా చూడండి. చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. "బైఠో, హాథ్ ఉఠావ్" అని గద్దిస్తే ఆవిడకి వినిపించేది అరుపు మాత్రమే. "మామ్మా, కూకో, కాళ్ళు కడుగుతాను" అన్న మాట ఆయాలిద్దరికీ నేర్పాను. వాళ్ళ ఉచ్చారణ విని మామ్మ నవ్వుతుంది.

హేతువాదులం కదా, ఎదుటివాడికి కారణం చెప్పి ఒప్పించడం మనకి అలవాటు. నేనూ మొదట్లో మామ్మకి పరిశుభ్రత గురించి చెప్పి చూశాను! ఆవిడకి కారణాలు చెప్పనక్కర్లేదు, వెతకాల్సింది మనం.

ఇప్పుడు మామ్మకి సోమ, గురువారాల్లో స్నానం, మిగతా రోజుల్లో తడిగుడ్డ. టిఫిన్ ముందే పెడుతున్నారు. మిగతావాళ్ళకి మాత్రం పాత రూలే. స్నానం చెయ్యకుండా తినడం అప్రాచ్యమంటాడు మేనేజరు. వచ్చే నెల ఆ స్లోన్ కాగితం తెలుగులోకీ హిందీలోకీ రాసి పట్టుకెళ్తున్నాను.