బండి మీద పన్నా, చమురు మీద పన్నా?

వాహన పన్ను కంటె ఇంధనంపై పన్నే న్యాయమనీ, రోడ్డును ఎక్కువగా వాడినవాడే ఎక్కువ చెల్లిస్తాడనీ కొందరి వాదన. ఈ వాదనను బస్తరులో పరీక్షించి చూద్దాం.

జగదల్‌పూర్ నుండి రాయపూర్‌కు రోడ్డున సుమారు 300 కిలోమీటర్లు. ఇక్కడ దూరం విలాసం కాదు, విధి. కొత్తవలస-కిరండూల్ లైనులో రాత్రి డ్యూటీకి పోయే కార్మికుడూ, అడవి పల్లెలకు ఉత్తరాలు చేర్చే గ్రామీణ డాక్ సేవకుడూ లీటరుకు కట్టే పన్నే ఖరీదైన కారు యజమానీ కడతాడు. వారి ఆదాయాలు మాత్రం సమానం కావు. డీజిలుపై పన్ను లారీ కిరాయిగా మారి, బండి లేనివాని ఉప్పు, బియ్యం ధరలలోనూ చేరుతుంది.

2020 మే నెలలో, ప్రపంచ విపణిలో ముడిచమురు చౌకగా ఉన్నవేళ, కేంద్రం లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకం పెంచింది. 2021, 2022లలో సుంకం తగ్గించినా, చౌకదనపు ఫలం ఆనాడు ప్రజలకు దక్కలేదు.

అన్ని బండ్లకూ ఒకే మొత్తంగా విధించే సాలుసరి పన్ను కూడా న్యాయం కాదు. కనుక వాహనపు విలువ పెరిగేకొద్దీ పన్ను శాతం పెరగాలి. ఇంధన సుంకం తగ్గాలి. విధి నిర్వహణ ప్రయాణాల భత్యం ఇంధన ధరతో ముడిపడాలి.

పన్ను కట్టబోమని మనం అనడం లేదు. శక్తిని బట్టి వేయమంటున్నాం.