కెటమిన్‌కు ముందు అడగాల్సినవి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి కుంగుబాటుకు వైద్యం కోసం పెద్ద ఊళ్లకు వెళ్లేవారి చెవిన ఇప్పుడు కెటమిన్ పేరు పడుతోంది. 1970లో అమెరికా అనుమతి పొందిన మత్తుమందు ఇది. కుంగుబాటుకు మాత్రం దాని దగ్గరి రూపమైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకే 2019లో అక్కడ అనుమతి దక్కింది. ఆ అనుమతి సాధారణ మందులకు లొంగని కుంగుబాటు కోసం.

కొందరికి గంటల్లోనే గుణం కనిపిస్తుంది. ఎంత ఊరటో! కానీ ఆ గుణం రోజుల్లో, వారాల్లో తగ్గిపోవచ్చు. మందు ఎక్కినప్పుడు బీపీ పెరుగుతుంది, ఒళ్లు తనది కానట్టు తోస్తుంది. అందుకే ఎస్‌కెటమిన్ తీసుకున్నాక కనీసం 2 గంటలు వైద్యుల కళ్లెదుట ఉండాలి. ఆ రోజు బండి నడపకూడదు. జమ్మలమడుగుకు బైకుపై తిరిగొద్దామనుకునేవారు ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లాల్సిందే. బీపీ, గుండెజబ్బు, గతంలో సైకోసిస్ (భ్రమలు కలిగే మానసిక జబ్బు), మద్యం అలవాటు, గర్భం: ఏదీ దాచకూడదు. కెటమిన్‌ను దీర్ఘకాలం దుర్వినియోగం చేస్తే మూత్రాశయం దెబ్బతినవచ్చు.

మన దేశంలో కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్నది. నటుడు మాథ్యూ పెర్రీ 2023లో ప్రధానంగా దీని ప్రభావంతో మరణించారు. పర్యవేక్షణ లేకుండా ఇంట్లో వాడటం ప్రాణాలతో చెలగాటమే.

ముందుగా మానసిక వైద్యుణ్ని కలవాలి. అంతవరకూ ఆగలేనంత బాధగా ఉంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.