ఈశాన్యాన ఖిబ్లా

మా ఊళ్లో ఖిబ్లా అంటే పడమర. చిన్ననాటి నుంచి నా ఒంటికి అలవాటైన దిక్కు అది. సూర్యుడు వాలే వైపు నిలబడితే చాలు, వేరే వెతకవలసిన పని లేదు. మొన్న వేసవిలో కెనడాలోని టొరొంటో నగరంలో మా అబ్బాయి ఇంటికి చేరిన తొలి సాయంత్రం, ఆ అలవాటు చొప్పుననే పడమటి కిటికీ వైపు జానమాజ్ పరిచాను. ఎనిమిదేళ్ల మనవరాలు వచ్చి, దాని అంచు పట్టుకుని మెల్లగా తిప్పి, "దాదా, ఇక్కడ ఇటు" అన్నది. ఆ పిల్ల చూపింది ఈశాన్యం. గుండ్రటి భూమి మీద టొరొంటో నుంచి మక్కాకు అతి దగ్గరి దారి ఈశాన్యంగా బయలుదేరి అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సాగుతుంది. అందుచేత అక్కడి నమాజీలు ఈశాన్యానికే అభిముఖంగా నిలబడతారు. అరవై ఏళ్లకు పైగా ఎరిగిన దిక్కును ఒక పసిపిల్ల సరిచేసింది. నేను సరిచేసుకోవలసినవి ఇంకా ఉన్నాయని అప్పటికి నాకు తెలియదు.

మన ఇళ్లలోని పెద్దలు చాలామంది ఇప్పుడు పిల్లల వద్దకు విదేశాలు పోయి వస్తున్నారు. తిరిగి వచ్చాక చూపేవి సాధారణంగా రెండు ఫోటోలు: ఒకటి నయాగరా జలపాతం, రెండవది ఏదో ఒక ఎత్తైన కట్టడం. నేనూ ఆ రెండూ చూశాను. 1976లో ప్రజలకు తెరచిన సీఎన్ టవర్ ఎత్తు 553 మీటర్లు. మూడు దశాబ్దాలకు పైగా, అంటే 2007లో దుబాయిలో కడుతున్న బుర్జ్ ఖలీఫా దానిని మించిపోయేదాకా, నేల మీద ఏ ఆధారమూ లేకుండా నిలిచిన కట్టడాలలో అదే ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. 342 మీటర్ల ఎత్తున గాజు నేల ఉన్నది. దాని మీద అడుగు వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. మనవరాలు గంతులు వేసింది. అక్కడి నుంచి దక్షిణాన సముద్రమా అనిపించే ఆంటారియో సరస్సు, ఉత్తరాన చదరంగపు గళ్ల వంటి వీధులు కనిపించాయి. కాని ఆ వీధులలో ఎవరుంటారో అంత ఎత్తు నుంచి తెలియదు. మిగిలిన రోజులన్నీ ఆ వీధులలోనే నడవాలని దిగి వచ్చాను.

వెళ్లదలచిన వారికి కొన్ని మాటలు. విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డున ఉన్న యూనియన్ స్టేషన్‌కు రైలు 25 నిమిషాలలో చేరుస్తుంది. నగర రవాణా సంస్థ వారి బస్సు, ట్రామ్, భూగర్భ రైలు మూడింటికీ ఒకే చార్జీ. ఒకసారి చెల్లిస్తే రెండు గంటలపాటు ఎక్కి దిగవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు చార్జీ లేదు. హలాల్ భోజనానికి ఇబ్బంది పడనక్కరలేదు; అయినా ధ్రువీకరణ ఎవరిదో దుకాణంలో అడిగి తెలుసుకోవడం మేలు, అడిగితే నొచ్చుకోరు. జూన్ నెలలో సూర్యాస్తమయం రాత్రి 9 గంటల ప్రాంతంలోనే. ఇషా నమాజు ముగించుకుని పడుకునేసరికి పదకొండు అవుతుంది, మళ్లీ నాలుగు గంటల వేళకే ఫజ్ర్. మధ్యాహ్నపు కునుకు లేకపోతే మన వయసు వారికి కష్టమే.

2021 జనాభా లెక్కల ప్రకారం టొరొంటో జనసంఖ్య సుమారు 27 లక్షల 94 వేలు. వారిలో ఇంచుమించు సగం మంది కెనడా వెలుపల పుట్టినవారే. ఈ లెక్క కాగితం మీద చదవడం వేరు, ట్రామ్‌లో చూడడం వేరు. గెరార్డ్ వీధిలో దిగితే ఉర్దూ, హిందీ, పంజాబీ, తమిళం వినిపిస్తాయి. 1972లో అక్కడ ఒక సినిమాహాలు మన ఉపఖండపు చిత్రాలు ప్రదర్శించడం మొదలుపెట్టగా, దూరదూరాల నుంచి వచ్చే ప్రేక్షకుల కోసం చుట్టూ మిఠాయి కొట్లు, చీరల దుకాణాలు వెలిశాయి. స్పడైనా వీధిలో చైనా వారి అంగళ్లు. దానికి పక్కనే కెన్సింగ్టన్ మార్కెట్. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులు ఇళ్ల ముందు బండ్లు పెట్టి సరుకు అమ్మిన చోటు అది. వారు మెరుగైన పేటలకు తరలిపోగా పోర్చుగీసు వారు వచ్చారు. ఆ తరువాత కరీబియన్ దీవుల వారు, దక్షిణ అమెరికా వారు. ఇప్పటికీ ఆ ఇరుకు సందులలో పాత యూదు ప్రార్థనాలయాలు నిలిచి ఉన్నాయి. ఒకరు ఖాళీ చేసిన గదిలో మరొకరు దీపం వెలిగించుకున్న పేట అది.

ఒక శుక్రవారం మా అబ్బాయి నన్ను బూస్టెడ్ వీధిలోని జామీ మస్జిదుకు తీసుకుపోయాడు. ఎర్ర ఇటుకల ఆ భవనం ఒకప్పుడు చర్చి. 1969లో ముస్లిములు దానిని కొనుగోలు చేసి మస్జిదుగా మార్చుకున్నారు. గోడలు చర్చి కట్టినవారు లేపినవే. సఫ్‌లు మాత్రం ఖిబ్లాకు అనుగుణంగా ఉన్నాయి. నా కుడిపక్కన సోమాలియా దేశస్థుడు, ఎడమపక్కన బోస్నియా నుంచి వచ్చిన వృద్ధుడు. ముగ్గురికీ ఉమ్మడి భాష లేదు. సలాం చెప్పుకుని చేతులు కలుపుకున్నాము, అంతకు మించి అవసరం కలగలేదు.

ఇంతవరకు చదివినవారు, ఆ నేలలోనే ఏదో మహిమ ఉన్నదనుకోవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. మా అబ్బాయి ఒక సాయంత్రం నగర సభాభవనం ముందు కూర్చోబెట్టి ఆ భ్రమ తొలగించాడు. ఫిన్లాండ్ వాస్తుశిల్పి రూపొందించగా 1965లో తెరచిన ఆ భవనం ఉన్న చోటనే నగరంలోని తొలి చైనా పేట ఉండేది. భవనం కోసం దానిలో అధికభాగాన్ని కూల్చివేశారు. అంతకు ముందు, 1923 నుంచి 1947 వరకు, చైనీయులు కెనడాలో అడుగుపెట్టకుండా చట్టమే అడ్డుకున్నది. 1933 ఆగస్టు 16న క్రిస్టీ పిట్స్ అనే పార్కులో బేస్‌బాల్ ఆట ముగిశాక కొందరు యువకులు హిట్లర్ పార్టీ చిహ్నమున్న గుడ్డను ఎత్తి చూపారు. యూదు యువకులు తిరగబడ్డారు, ఇటాలియన్ యువకులు వారికి తోడు నిలిచారు, కొట్లాట గంటల తరబడి సాగింది. ఆ ఊరే 1955లో ఒక యూదుని తొలిసారిగా మేయరు పీఠం మీద కూర్చోబెట్టింది. మేము కూర్చున్న మైదానానికి ఆయన పేరే, నేథన్ ఫిలిప్స్ అని పెట్టారు. ఆ రెండు ఘటనల మధ్య గడచినవి ఇరవై రెండేళ్లు మాత్రమే.

అసలు ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న కూడా ఉన్నది. మిసిసాగా ఆదివాసుల నుంచి 1805 నాటి ఒప్పందంతో తీసుకున్న భూమి అది. అన్యాయంగా జరిగిన ఆ కొనుగోలుకు పరిహారంగా 2010లో కెనడా ప్రభుత్వం 14 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. బహుళ సంస్కృతులను ఆదరించడం ప్రభుత్వ విధానమని 1971లో ప్రకటించారు, 1988లో చట్టం చేశారు. వైవిధ్యమే మా బలం అన్న నినాదాన్ని టొరొంటో 1998లో స్వీకరించింది. అంటే ఆ సహజీవనం వారికి వారసత్వంగా రాలేదు. తప్పులు చేసి, ఒప్పుకుని, దిద్దుకుంటూ నేర్చుకున్నదే. నేర్చుకోవడం ఇంకా పూర్తి కాలేదు కూడా.

పూర్తి కాలేదని మా ఇంటావిడకు బాగా తెలుసు. 2017 జనవరిలో క్యుబెక్ నగరపు మస్జిదులో ఇషా నమాజు ముగిసిన కాసేపటికే ఆరుగురిని కాల్చి చంపారు. 2021 జూన్‌లో ఆంటారియో రాష్ట్రంలోనే ఉన్న లండన్ అనే ఊళ్లో సాయంత్రం నడకకు బయలుదేరిన ఒక ముస్లిం కుటుంబాన్ని వాహనంతో ఢీకొట్టి నలుగురి ప్రాణాలు తీశారు. వారిలో నాయనమ్మ నుంచి మనవరాలి దాకా మూడు తరాల వారున్నారు. ఆ వార్తలు టీవీలో చూసిన మా ఇంటావిడ బురఖాతో గడప దాటనని మొదటి వారమంతా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె భయాన్ని కొట్టివేసే మాట నా దగ్గర లేదు. మా కోడలే ఆమె పక్కన కూర్చుని మరొక సంగతి చెప్పింది. క్యుబెక్ ఘటన తరువాతి శుక్రవారం టొరొంటోలోని పలు మస్జిదుల వెలుపల, ఆ చలిలో, యూదులు, క్రైస్తవులు, ఇతరులు చేయి చేయి పట్టుకుని వలయంగా నిలబడ్డారు. లోపల జుమా నమాజు జరుగుతుండగా బయట వారు కాపలా కాశారు. "అది జరిగింది, ఇదీ జరిగింది. రెండూ నిజమే అమ్మీ" అన్నది కోడలు. మరునాడు మా ఇంటావిడ బురఖా వేసుకుని, మనవరాలి చేయి పట్టుకుని పార్కు దాకా నడిచి వచ్చింది.

ఆ పార్కులోనే ఒక వృద్ధురాలితో ఆమెకు పరిచయమైంది. పోర్చుగల్ దేశానికి చెందిన అజోర్స్ దీవుల నుంచి యాభై ఏళ్ల క్రితం వచ్చి, మా అబ్బాయి ఇంటికి రెండిళ్ల అవతల ఉంటున్నది. ఇద్దరికీ మధ్య దుబాసీ మా మనవరాలు. మూడవ రోజున ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఏమేమి తినకూడదు?" అని. నాలుగవ రోజున గుడ్డలో చుట్టిన తీపిరొట్టె తెచ్చింది. "మామూలుగా ఇందులో కొంచెం పందికొవ్వు వేస్తాను. ఈసారి వెన్న మాత్రమే వేశాను, మూకుడు కూడా కొత్తది" అని పిల్ల చేత చెప్పించింది. మా ఇంటావిడ ఆ రొట్టెను రెండు చేతులతో అందుకున్నది. తినడం కంటే ముందు ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

తిరుగు ప్రయాణానికి ముందు ఆగాఖాన్ మ్యూజియం చూశాము. ఇస్మాయిలీల నాయకుడు ఆగాఖాన్ నెలకొల్పగా 2014లో తెరచినది. మ్యూజియాన్ని జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకీ, ఎదురుగా ఉన్న ఇస్మాయిలీ కేంద్రాన్ని మన దేశపు చార్లెస్ కొరియా రూపొందించారు. లోపల ఇబ్నె సీనా వైద్యగ్రంథపు ప్రాచీన ప్రతి, నీలి రంగు తోలు మీద బంగారంతో లిఖించిన ఖుర్ఆన్ పుట వంటివి ఆ సంగ్రహంలో ఉన్నాయి. అక్కడ నిలబడి ఉండగా మనసులో సూరె అల్ హుజురాత్ మెదిలింది. మానవులు జాతులుగా, తెగలుగా ఉండడం పరస్పరం తెలుసుకోవడం కోసమేనన్న బోధను ఎన్ని సభలలో నేనే వివరించానో లెక్క లేదు. ఏమి తినకూడదని అడిగిన ఆ వృద్ధురాలు ఆ సభలకు ఎన్నడూ రాలేదు. అయినా తెలుసుకోవడం ఎక్కడ మొదలవుతుందో ఆమెకు తెలుసు.

అప్పుడు నాకు మా వీధి గుర్తుకు వచ్చింది. మా ఎదురింట్లో విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఉంటారు. ఏటా రమజాను పండుగనాడు మా ఇంటి షీర్ ఖుర్మా మొదట వారింటికే వెళ్లేది. సంక్రాంతికి వారింటి అరిసెలు మా ఇంటికి వచ్చేవి. పదకొండేళ్ల క్రితం వీధి కాలువ ఎవరి గోడ పక్కగా పోవాలన్న విషయమై మాటా మాటా పెరిగింది. ఆ ఏడాది నేను షీర్ ఖుర్మా పంపవద్దన్నాను. మరుసటి ఏడాది ఎవరూ అడగనైనా అడగలేదు. అంత దూరం ప్రయాణం చేసి పరాయి దేశస్థురాలి రొట్టె తిన్నవాడను, పన్నెండు అడుగుల వీధి దాటి పదకొండేళ్లయింది.

ఊరికి వచ్చిన మూడవ రోజున, అసర్ నమాజు తరువాత, కెనడా నుంచి తెచ్చిన మేపుల్ చెట్టు పాకం సీసా పట్టుకుని ఎదురింటి తలుపు తట్టాను. మాస్టారు తెరిచారు. క్షణకాలం ఇద్దరమూ మాట్లాడలేదు. "రండి సాయిబుగారూ" అన్నారు ఆయన. సీసా బల్ల మీద పెట్టి, నేర్చుకున్న ప్రశ్ననే అడిగాను: "ఇది చెట్టు నుంచి తీసిన తీపి. మీరు తినవచ్చునా?" ఆయన నవ్వి, "షుగరు వచ్చి ఆరేళ్లయిందండీ. పిల్లలు తింటారు లెండి" అన్నారు. ఆరేళ్లు! ఎదురింటి మనిషి రోజూ మాత్రలు మింగుతున్న సంగతి నాకు ఆరేళ్లుగా తెలియదు.

చక్కెర లేని టీ వచ్చింది. ఇద్దరమూ తాగాము. కాలువ మాట ఎవరమూ ఎత్తలేదు. లేచి వస్తుంటే వాకిట్లో ఆగి, "ఈసారి పండుగకు సేమియాలో పంచదార తగ్గించమనండి" అన్నారు మాస్టారు. ఆ మాట మా ఇంటావిడకు చెప్పాను. ఆమె అప్పుడే ఒక చిన్న గిన్నె విడిగా తీసి పెట్టింది.